మూడు ఖాతాలు మూసిన తర్వాత

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్ళమ్మ అంటారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు పళ్ళు అమ్ముతుందేమో అనుకుని డజను ఎంతని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. నిజానికి ఆమె పన్నెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తోంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోయడం, మైనంలో పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెట్టడం, చిగుళ్ళ రంగు సరిచూడడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా అవతలి మనిషికి ముద్ద నమలడం నరకం. అందుకే ఆమె చెయ్యి ఎప్పుడూ తొందరపడదు.

అప్పుల విషయంలో మాత్రం ఆ చెయ్యే తొందరపడింది. లిఫ్టులు బాగుచేసే భర్త ఒకరోజు జారిపడి కాలు విరగ్గొట్టుకుని ఎనిమిది నెలలు మంచాన ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ ఇల్లు దుకాణాల ఖాతాల మీదే నడిచింది. ఇప్పుడు తీసుకెళ్ళండి, తర్వాత కట్టండి అన్న ప్రతి చోటా ఆమె సంతకం పెట్టింది. బట్టల దుకాణం, మందుల దుకాణం, మంచాలూ బల్లలూ అమ్మే దుకాణం, ఆఖరున ఇంటి సామాను దుకాణం. ఒక్కోదానికీ ఒక్కో తేదీ, ఒక్కో వడ్డీ. భర్త మళ్ళీ పనిలో చేరి ఏడాదిన్నర దాటినా అప్పు పెద్దగా తరగలేదు.

చివరికి ల్యాబు ఉద్యోగుల పరపతి సంఘం తక్కువ వడ్డీకి ఒకే అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. సంఘం కార్యదర్శి నిక్కచ్చి మనిషి.

"చూడమ్మా, చిల్లుకుండలో మేం నీళ్ళు పొయ్యం. ముందు ఆ దుకాణాల ఖాతాలన్నీ మూయించు. ప్రతి దుకాణం నుంచీ కాగితం తేవాలి. శనివారం నాలుగు గంటలకల్లా నా బల్ల మీద ఉండాలి. దాటితే మళ్ళీ ఆర్నెల్ల తర్వాతే."

శుక్రవారం సాయంత్రానికి మూడు కాగితాలు చేతికొచ్చాయి. ఖాతా మూస్తానంటే ఎవరూ ఊరికే ఒప్పుకోలేదు. బట్టల దుకాణం అమ్మాయి సగం ధరకి చీరలు చూపించింది. మందుల దుకాణం ఆయన, "ఉంచుకోండమ్మా, అది అన్నం అడుగుతుందా, నీళ్ళడుగుతుందా?" అన్నాడు. మంచాల దుకాణంలో అయితే గంటసేపు నిలబెట్టారు. ప్రతి చోటా బాకీ ఎంతో రాయించి, సంఘం చెక్కు అందగానే ఖాతా రద్దవుతుందని ముద్ర వేయించుకుని, కార్డు వాళ్ళ ముందే కత్తిరించి వచ్చింది.

నాలుగోది ఇంటి సామాను దుకాణం. దాని గురించి ఆమెకు బెంగ లేదు. అక్కడ కొన్నది ఒక్క వాషింగ్ మెషీనే. దాని వాయిదాలు పోయినేడే తీరిపోయాయి. శనివారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఒకటిన్నరకల్లా దుకాణం మేడమీద ఖాతాల కౌంటర్ దగ్గరికి వెళ్ళింది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నంబరు కొట్టి తెరవైపు చూసింది. మళ్ళీ కొట్టింది.

"నలభై ఒక్క వేల మూడు వందలుంది మేడం."

"ఏది?"

"మీరు కట్టాల్సింది."

"పొరపాటేమో చూడమ్మా. నాది వాషింగ్ మెషీన్ ఒక్కటే."

ఆ అమ్మాయి తెరను ఆమెవైపు తిప్పింది. ఇస్త్రీ పెట్టెలు నాలుగు. టేబుల్ ఫ్యాన్లు అయిదు. మిక్సీ. మళ్ళీ ఇస్త్రీ పెట్టెలు ఆరు. నీళ్ళ హీటర్లు మూడు. నెలకొకసారి, ప్రతి నెలా మొదటి వారంలో.

"మీరేమైనా షాపు పెట్టారనుకున్నాం మేడం," అంది ఆ అమ్మాయి మర్యాదగానే. "ఇవన్నీ రెండో కార్డు మీద తీసుకున్నవి. ఇదిగో సంతకం."

ఎడమవైపు ఒరిగిన పెద్ద పెద్ద అక్షరాలు. అత్తగారి సంతకం. మెషీన్ కొన్న రోజున ఇంట్లో ఇంకొకరికి కార్డు ఉచితమంటే తీసుకున్న సంగతి పళ్ళమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తన ఫోను మరమ్మతులో ఉంటే అత్తగారి నంబరే రాయించింది. బిల్లుల సందేశాలన్నీ ఆమెకే వెళ్ళాయన్నమాట.

"ఇప్పుడు ఈ ఖాతా ఆపాలంటే?"

"రెండో కార్డు తెచ్చివ్వాలి. ఆవిడొచ్చి సంతకం పెట్టాలి. అప్పుడు బాకీ రాసి కాగితం ఇస్తాం. లేదంటే మీకు తెలియకుండా వాడారని ఫిర్యాదు రాయండి, ఈ క్షణమే ఆగిపోతుంది. కాకపోతే ఎవరు వాడారని విచారణ ఉంటుంది."

ఆ అమ్మాయి ఒక ఫారం, పెన్ను ముందుకు జరిపింది. పళ్ళమ్మ పెన్ను తీసుకుంది. 'ఎవరిపై అనుమానం' అన్న గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ గడిలో అత్తగారి పేరు రాస్తే తర్వాత చెరిపేది ఏ రబ్బరూ ఉండదు. పెన్ను కింద పెట్టేసి, "ఎన్నింటిదాకా ఉంటారు?" అని అడిగింది.

"మూడున్నర."

ఆమె ఇల్లు చేరేసరికి రెండూ పది. భర్త ఎక్కడో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని పొద్దున్నే వెళ్ళాడు. అత్తగారు తన గదిలో మంచం మీద కూర్చుని దిండు గలీబు కుడుతోంది. నూలుమిల్లులో ముప్ఫై ఏళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. ఇప్పటికీ వీపు ఆనించి కూర్చోదు. మంచం కింద పాత దుప్పటి కప్పిన పెట్టె అంచు కనిపిస్తోంది. రోజూ ఊడ్చే గదే. ఆ దుప్పటి ఎన్నడూ ఎత్తి చూడలేదు.

పళ్ళమ్మ వంగి దుప్పటి లాగింది. సీలు తీయని మిక్సీ.

"ఇదేంటత్తయ్యా?"

ముసలామె సూది ఆగింది. "ఎవరిదో. దాచమన్నారు."

"నేను దుకాణం నుంచే వస్తున్నాను."

అత్తగారు కుట్టు పక్కన పెట్టి, గోడవైపు చూస్తూ చెప్పింది.

"మిల్లువాళ్ళు పింఛను ఆపేసి పదకొండు నెలలైంది."

"మరి నెలనెలా మీరు నా చేతికిచ్చే ఏడువేలు?"

"పదివేల సామాను తెచ్చి, గదులు అద్దెకిస్తాడే ఆ గదులాయనకి ఏడువేలకిస్తున్నాను. ఆయన అద్దె గదుల్లో పెట్టుకుంటాడు. దుకాణానికి నెలనెలా కట్టాల్సిన వాయిదాలు ఉంటాయి కదా, అవి నా గాజులు అమ్మిన డబ్బులోంచి కట్టాను."

ఆ ఏడువేలు పళ్ళమ్మ ప్రతి నెలా బట్టల దుకాణంలో కట్టింది. అప్పు తీరుతోందని సంబరపడింది. ఈ దుకాణంలో గొయ్యి తవ్విన మట్టితో ఆ దుకాణంలో గొయ్యి పూడుస్తూ వచ్చారు ఇద్దరూ, ఒకరికి తెలిసి, ఒకరికి తెలియక.

"ఒక్క మాట నాతో అనుంటే సరిపోయేది కదా!" గొంతు తనకే తెలియకుండా పెరిగింది.

"ఏమని అనను?" అత్తగారి గొంతూ లేచింది. "వాడు మంచంలో ఉన్నప్పుడు వాకిట్లో నలుగురి ముందు నువ్వన్నావు. మా అత్తగారి పింఛను లేకపోతే రోడ్డున పడేవాళ్ళం అన్నావు. అంత మాటన్నాక, ఇప్పుడు పింఛను లేదు, నేను ఊరికే తింటానని చెప్పమంటావా?"

ఆ మాట పళ్ళమ్మ ప్రేమతోనే అంది. గోడ గడియారం రెండున్నరకు దగ్గరగా ఉంది.

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం. లేవండి. కార్డు తీసుకోండి. మూడున్నరలోపు మీరు సంతకం పెడితే ఇది కూడా సంఘం అప్పులో కలిపేయమని అడుగుతాను."

అత్తగారు లేవలేదు.

"కార్డేది అత్తయ్యా?"

"పొద్దున్న గదులాయనకిచ్చాను."

"ఎందుకు?"

"కొత్తగా మేడమీద మూడు గదులు వేశాడట. ఫ్రిజ్జులు కావాలన్నాడు. కార్డిస్తే తనే తెచ్చుకుంటాను, నెలనెలా కట్టుకుంటాను, నాకు పదో వంతిస్తానన్నాడు. ఆ డబ్బుతో ఒకేసారి బాకీ తగ్గుతుంది కదా అనుకున్నాను. మూడింటికి వెళ్తానన్నాడు."

పళ్ళమ్మ అత్తగారి చెప్పులు తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. దారిలో రెండుసార్లు వాహనాలు నిలిచిపోయాయి. రెండోసారి ఆగినప్పుడు అత్తగారు నెమ్మదిగా అంది. "వాడితో చెప్తావా?"

"నేను చెప్పను. మీరే చెప్పాలి."

"వాడికి తెలిస్తే నేనింక ఆ ఇంట్లో ఉండలేను."

"తెలియకుండా ఇన్నాళ్ళూ బాగానే ఉన్నారా?"

ముసలామె చేతిసంచీ మెడ బిగించి పట్టుకుని బయటికి చూసింది.

దుకాణం ముందు దిగేసరికి మూడుంబావు. గాజు తలుపు లోంచే కనిపించాడు గదులాయన. తెల్లచొక్కా, చెవి దగ్గర ఫోను. పక్కన మూడు ఫ్రిజ్జుల మీద 'అమ్మబడినది' అన్న చీటీలు. బిల్లు బల్ల దగ్గర కుర్రగుమాస్తా కాగితాలు సర్దుతున్నాడు. కార్డు బల్ల మీద ఉంది.

పళ్ళమ్మ ముందుకు అడుగు వేసింది. అంతలో అత్తగారు ఆమెను దాటి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళు మగ్గాల హోరులో పనిచేసిన గొంతు అది.

"ఆ బిల్లు ఆపు బాబూ. కార్డు నాది."

గుమాస్తా తలెత్తాడు. గదులాయన ఫోను దించి నవ్వాడు. "ఏంటి పెద్దమ్మా, పొద్దున్న మాట ఇచ్చావు కదా?"

"ఇచ్చాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇలా నలుగుర్లో పరువు తీస్తే ఎలా? నేను బండి కూడా మాట్లాడాను. వాయిదాలు నేనే కడతానన్నాను కదా."

"కట్టకపోతే వాళ్ళు నీ ఇంటికొస్తారా, మా ఇంటికొస్తారా?"

గదులాయన పళ్ళమ్మవైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా. ఇన్నాళ్ళూ ఈవిడ సామాను కొని నేను సాయం చేసినట్టే కదా."

"పదివేల సామాను ఏడువేలకి కొన్నారు," అంది పళ్ళమ్మ. "ఆ సాయం ఎవరు ఎవరికి చేశారో ఇంటికెళ్ళి లెక్కేసుకోండి."

ఆయన చెయ్యి కార్డు మీదికి జరిగింది. అంతకంటే ముందే అత్తగారి అరచెయ్యి దాని మీద పడింది. ఆ చెయ్యి కదలలేదు. గుమాస్తా ఆ చేతినీ, బిల్లు మీది పేరునూ మార్చి మార్చి చూశాడు. ఆమెనే అడిగాడు, "రద్దు చెయ్యమంటారా అమ్మా?"

"చెయ్యి నాయనా."

గదులాయన ఏదో గొణుక్కుంటూ బయటికి నడిచాడు. తలుపు దగ్గర ఆగి, "ఆ మిక్సీ కూడా నాకొద్దు," అన్నాడు.

"సీలు తియ్యలేదు, రేపు ఇక్కడే తిరిగిచ్చేస్తాం," అంది అత్తగారు.

మేడమీద కౌంటర్ అమ్మాయి అప్పటికే చేతిసంచీ భుజాన వేసుకుంది. ఇద్దరినీ చూసి మళ్ళీ కూర్చుంది. అత్తగారు మూడు చోట్ల సంతకం పెట్టింది. కత్తెర ఇస్తే కార్డును తనే రెండు ముక్కలు చేసి, సరిగ్గా తెగిందో లేదో చూసుకుని బుట్టలో వేసింది. ముద్ర పడిన కాగితం చేతికొచ్చేసరికి మూడూ ముప్ఫై అయిదు.

సంఘం ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు అత్తగారికి ఆయాసం వచ్చింది. "నువ్వు పరిగెత్తు, నేనొస్తాను," అంది. పళ్ళమ్మ ఆమె మోచెయ్యి వదల్లేదు. కార్యదర్శి నాలుగు కాగితాలూ చూశాడు. నాలుగోదాని మీద అంకె చూసి కళ్ళజోడు తీశాడు.

"ఇది దరఖాస్తులో లేదే?"

"నాకూ ఇవాళే తెలిసిందండీ."

"మూడేళ్ళలో తీరాల్సింది నాలుగవుతుంది. తట్టుకుంటావా?"

పళ్ళమ్మ నోరు విప్పేలోపు అత్తగారు అంది. "తట్టుకుంటాం బాబూ. ఇకమీద నెలకి ఏడువేలు తక్కువని తెలిసే చెప్తున్నాం."

ఆయన పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. పక్కన సంతకం పెట్టమన్నాడు.

ఆదివారం పొద్దున భర్త బూట్లకు పాలిష్ పెట్టుకుంటుంటే అత్తగారు ఎదురుగా నిలబడే అంతా చెప్పింది. పళ్ళమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. అతను బ్రష్షు కింద పెట్టాడు. తర్వాత లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఒక బూటే వేసుకుని వెళ్ళాడని అతను వెళ్ళాకే ఇద్దరికీ తెలిసింది. గంటకి తిరిగొచ్చాడు.

"గాజులు కూడా అమ్మేశావా?" అని మాత్రం అడిగాడు తల్లిని.

"రెండే."

"నాకు చెప్పకుండా, కోడలికెలా చెప్పగలిగావమ్మా?"

"చెప్పలేదురా. దొరికిపోయాను."

అతనికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో పళ్ళమ్మకు వంటింట్లోంచి తెలియలేదు. కొంతసేపటికి తల్లీ కొడుకులిద్దరూ కలిసి మిల్లుకు రాయాల్సిన అర్జీ గురించి మాట్లాడుకోవడం వినిపించింది. పాత గుర్తింపు కార్డు ఎక్కడుందని అతను అడుగుతున్నాడు. ఆమె బీరువా పైఅర అంటోంది. పళ్ళమ్మ స్టూలు తీసుకుని ఆ గదిలోకి వెళ్ళింది.