ఏడు స్పీడ్ బ్రేకర్లు, ఒక ల్యాపు

మంగళవారం ఉదయం పదింటికి, ఢిల్లీ మయూర్ విహార్‌లోని తమ అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే భావన అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది.  అత్తగారు సీతారత్నం తలుపు పైనున్న పట్టీని కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి.

ఆవిడ మూలిగి ఉంటే భావన ఏదో ఒక సర్దుబాటు మాట అనేది. మూలగలేదు కాబట్టి ఆ చేతిని చూసి ఊరుకోవడం కష్టమైంది.

సీతారత్నానికి వెన్నెముక ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. కాకినాడలో ముప్ఫై ఏళ్లు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన మనిషి. నొప్పి గురించి మాట్లాడ్డం ఆవిడకి అలవాటు లేదు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ. మొదట్లో రెండుసార్లు క్యాబ్ పిలిచారు. రెండో డ్రైవర్ ఒక్క గుంతనూ తప్పించకపోయేసరికి కొడుకు శశిధర్ ఇక క్యాబ్ వద్దన్నాడు. ఇంట్లో ఉన్నది ఒకటే కారు. అది భావనది.

ఆ కారు మామూలుది కాదు. చిన్న ఎర్ర హ్యాచ్‌బ్యాక్, లోపల దాని సైజుకి మించిన టర్బో ఇంజిన్. సోమవారం నుంచి శుక్రవారం దాకా నోయిడా ఆఫీసుకి తీసుకెళ్తుంది, ఫిజియోథెరపీ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం నుంచి. నెలకొక ఆదివారం గ్రేటర్ నోయిడా రేస్ ట్రాక్ మీద తిరుగుతుంది. నెల క్రితం భావన దానికి కొత్త సస్పెన్షన్ వేయించింది. నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగుల ఊపుని అదుపు చేసే డంపర్లు, ఒక్కోదానికి తిప్పితే క్లిక్కు క్లిక్కుగా కదిలే ఒక్కో నాబ్. బిగిస్తే ట్రాక్‌కి, వదులు చేస్తే రోడ్డుకి. ఒకే కారు రెండు పనులకీ పనికొస్తుందని ఆమె లెక్క.

లెక్క తప్పింది. ముందు సీట్లో కూర్చున్న భావనకి కారు మెత్తగానే ఉంది. వెనక కూర్చున్న అత్తగారి చెయ్యి మాత్రం పట్టీని వదలడం లేదు. ఆపరేషన్ గాయం ఇంకా మానలేదేమో, అందుకే ప్రతి కుదుపూ పెద్దగా తెలుస్తోందేమో అని ఒకరోజు భర్తతో అంది కూడా.  ఆ మంగళవారం రాత్రి భోజనాల దగ్గర శశిధర్ తేల్చేశాడు.

"కారు నీది, నీ జీతంతో కొన్నావు, కాదనను. కానీ పార్కింగ్ ఒకటే, అమ్మ నడుమూ ఒకటే. గురుగ్రామ్ నుంచి ఒకాయన కారు కొనుక్కోడానికి సోమవారం వచ్చి చూస్తానన్నాడు."

"ఆదివారం దాకా టైమివ్వు శశీ," అంది భావన. "ఆదివారం సాయంత్రం అత్తయ్య ఆ పట్టీ పట్టుకోకుండా గేటు దాటి లోపలికొస్తే అతన్ని రావద్దని చెప్పు."

"ఠీక్ హై. రాకపోతే?"

"నేనే తాళాలిస్తాను. ఇంకోటి కూడా. ట్రాక్ మీద రెండున్నర నిమిషాల్లోపు ఒక్క ల్యాపైనా రాకపోతే అప్పుడూ ఇచ్చేస్తాను."

శశిధర్‌కి ఆ రెండోది అర్థం కాలేదు. అదెందుకని అడిగాడు. పాత సస్పెన్షన్‌తో చలికాలంలో తను రెండు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లలో ఒక చుట్టు తిరిగిందనీ, కొత్తది వేశాక పోయినసారి ముప్ఫై ఆరు పట్టిందనీ చెప్పింది. ఇంట్లోవాళ్లని బాధపెట్టి, ఆ బాధకి తగ్గ పని కూడా చెయ్యని కారు తనకెందుకు అంది. సీతారత్నం పెరుగన్నం కలుపుకుంటూ ఇద్దరి మాటా విన్నది. చివర్లో ఒకటే అడిగింది.

"ఆదివారం నన్నూ తీసుకెళ్తావా? దేనికోసం ఇలా ఎగిరెగిరి పడుతున్నానో చూడొద్దూ?"

భావన వద్దనలేకపోయింది.

బుధవారం ఆఫీసు నుంచి నేరుగా దశరథ్ వర్క్‌షాప్‌కి వెళ్లింది. దశరథ్‌ది కరీంనగర్. నోయిడాలో ఇరవై ఏళ్లుగా కార్లు విప్పి బిగిస్తున్నాడు. ఈ సస్పెన్షన్ వేసిందీ అతనే. అంకెలు ఇచ్చిందీ అతనే. నాబ్‌ని పూర్తిగా బిగించి, అక్కణ్ణించి రోడ్డుకైతే ఇరవై క్లిక్కులు, ట్రాక్‌కైతే ఆరు క్లిక్కులు వదలాలి. నాబ్‌లు తిప్పడం మాత్రం మొదటి రోజు నుంచీ తన పనేనని భావన పట్టుబట్టింది. తన కారు సెట్టింగ్ తన చేతిలో ఉండాలని ఆమె పంతం.

దశరథ్ కారు తీసుకుని ఒక రౌండు వేసొచ్చాడు. ఒక్కడే, డ్రైవర్ సీట్లో. దిగి తల గోక్కున్నాడు.

"నాకైతే ఏం తేడా కనవడ్తలేదు మేడమ్. మంచిగనే ఉంది. అంకెలు సరిగ్గనే పెడ్తున్నరా?"

"ప్రతిసారీ లెక్కపెడతాను దశరథ్ భయ్యా. నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

 ఆదివారం తనూ ట్రాక్‌కి వస్తానన్నాడు. ట్రాక్‌కి వేసే గట్టి బ్రేక్ ప్యాడ్లు రోడ్డు మీద రైలు కూతలా అరుస్తాయి కాబట్టి అక్కడే వేసి, వచ్చేటప్పుడు అక్కడే తీసేద్దామన్నాడు.

ఆదివారం ఉదయం సీతారత్నం స్టీలు క్యారియర్‌తో దిగింది. పై గిన్నెలో పులిహోర, మధ్య గిన్నెలో పెరుగన్నం, అడుగు గిన్నెలో మజ్జిగ. గేటు దాటేలోపు సొసైటీలో ఏడు స్పీడ్ బ్రేకర్లు. ఏడూ దాటేసరికి మజ్జిగ మూత సందుల్లోంచి చింది ఆవిడ చీర కుచ్చెళ్ల మీద పడింది. భావన పక్కకి ఆపి టవల్ అందించబోయింది. ఆరిపోతుందిలే, ముందు పోనీ, అని ఆవిడ పట్టీ అందుకుంది.

 ఎక్స్‌ప్రెస్‌వే మీద రోడ్డు అతుకుల దగ్గరల్లా భావన అద్దంలోకి చూస్తూనే ఉంది.

ట్రాక్‌లో మొదటి సెషన్ తొమ్మిదిన్నరకి. దశరథ్ ప్యాడ్లు మార్చాడు. భావన నాబ్‌లు ఆరుకి పెట్టింది, హెల్మెట్ పెట్టుకుంది, వెళ్లింది. ఇరవై నిమిషాల తర్వాత తిరిగొచ్చింది. అన్నిటికన్నా మంచి ల్యాపు రెండు నిమిషాల ముప్ఫై ఆరు సెకన్లు.

"కారు ముక్కు తిరగట్లేదు," అంది దశరథ్‌తో. మూడో మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా కారు బయటివైపుకే జారుతోందనీ, గిన్నెలా వాలి ఉన్న ఆ పొడవాటి మలుపులోనైతే వెనక భాగం పడవలా ఒరిగిపోతోందనీ చెప్పింది.  చేతి తొడుగులు తీసి కారు మీద పెట్టింది.

దశరథ్ టైర్లలో గాలి చూశాడు. సరిగ్గా ఉంది. చక్రాలు చూశాడు. బాగున్నాయి. "గీ కారుకేమైందో సమజ్ కాకుండ ఉంది మేడమ్. ఇంత ఖర్చు వెట్టినంక ఇట్ల ఒరగొద్దు."

తర్వాతి సెషన్ పదకొండున్నరకి. ఆ రోజుకి అదే చివరిది. భావన గడియారం చూసుకుంది. గంటలో మళ్లీ వెళ్లాలి, అంది పైకే. వెనక భాగం ఒరుగుతోందంటే వెనక డంపర్లని ఇంకా బిగించాలి. ఆరు నుంచి నాలుగుకి తేవాలనుకుని వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

ముందు నాబ్‌లు తేలిక. బానెట్ తెరిస్తే కళ్లెదురుగా ఉంటాయి. వెనకవి డంపర్ అడుగున, నేలవైపు తిరిగి ఉంటాయి. ఇంటి పార్కింగ్‌లో గోడకీ స్తంభానికీ మధ్య కారు ఇరుక్కుని ఉంటుంది, కింద పడుకోవడానికి జాగా లేదు. అందుకే టైరు పైనుంచి చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, తడుముతూ క్లిక్కులు లెక్కపెట్టడం భావనకి అలవాటైంది. ఇక్కడా అలాగే చెయ్యి దూర్చింది.

గ్యారేజ్ నీడలో మడత కుర్చీలో కూర్చున్న సీతారత్నం అప్పటిదాకా అన్నీ చూస్తూనే ఉంది.

"అమ్మాయ్, ఎటు తిప్పుతున్నావ్?"

"కుడివైపుకి అత్తయ్యా. బిగిస్తున్నాను."

"నీ కుడా, దాని కుడా?"

భావన చెయ్యి ఆగింది.

"ఆ బిరడా ఎటు చూస్తోంది? నేలవైపేగా?" అంది సీతారత్నం. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. "నువ్వు పైనుంచి చెయ్యి పెడుతున్నావు. దాని మొహం కిందికుంది. ముప్ఫై ఏళ్లు నేను దిద్దింది ఈ తప్పే కదే. మిషను బల్ల కింద చెయ్యి పెట్టి, బాబిన్ స్క్రూ తడుముకుంటూ తిప్పేవాళ్లు పిల్లలు. దారం వదులవుతోంది, బిగిస్తున్నానండీ అనేవాళ్లు. ఇంకా వదులు చేసేవాళ్లు. చూడకుండా తిప్పేదేదైనా, ముందు దానికి ఎదురుగా వెళ్లి చూడమని చెప్పేదాన్ని."

దశరథ్ అప్పటికే నేల మీద వెల్లకిలా పడుకుని ఫోన్ లైటు వేశాడు. నాబ్‌ని ఒక వైపుకి తిప్పాడు, ఇంకో వైపుకి తిప్పాడు. 

"అమ్మ చెప్పిందే సహీ," అన్నాడు చివరికి. "మొత్తం ఉల్టా ఉంది మేడమ్. పూర్తిగ వదిలేసి, గదే బిగింపనుకుని అక్కణ్ణుంచి లెక్కవెట్టిన్రు. వదుల్తున్న అనుకున్న ప్రతి క్లిక్కూ బిగింపే అయింది."

భావన అక్కడే కూర్చుండిపోయింది. నెల రోజులుగా జరిగిందంతా వరసగా కళ్లముందుకొచ్చింది. రోడ్డు మీద ముందు మెత్తగా, వెనక రాయిలా. ట్రాక్ మీద ముందు బిగువుగా, వెనక దూదిలా. తను కూర్చున్న చోట ఎప్పుడూ బాగానే ఉంది. దశరథ్ నడిపి చూసిందీ ఆ సీట్లోంచే. వెనక సీట్లో కూర్చున్నది ఒక్క మనిషే, ఆవిడ నోరు విప్పలేదు. తను ఆ మనిషి గాయాన్ని అనుమానించింది.

"మీ నడుము ఇంకా మానలేదేమో అన్నాను అత్తయ్యా. శశితో అన్నాను."

"విన్నాన్లే. గోడలు పల్చన." సీతారత్నం మళ్లీ కూర్చుంది. "నేనూ ముందే నోరు విప్పాల్సింది. పట్టీ పట్టుకు వేలాడ్డం తప్ప ఏం చేశాను? ఏడుపు తర్వాత పెట్టుకో. గంటలో నీ బండి వెళ్లాలన్నావుగా."

భావన ఏడవలేదు. దశరథ్ దగ్గర పాత దినపత్రిక అడిగి తీసుకుంది. నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, కారు కిందికి జరిగింది. నాబ్‌కి మొహం ఎదురుగా పెట్టి పూర్తిగా బిగించింది. ఇక తిరగనంత వరకు. అక్కణ్ణించి ఒక్కో క్లిక్కే వెనక్కి వదిలింది. బయట నుంచి సీతారత్నం పైకి లెక్కపెట్టింది, క్లాసులో పిల్లలకి కుట్లు లెక్కపెట్టినట్టు. ఆరు. రెండో చక్రం. మళ్లీ ఆరు.

పదకొండున్నరకి భావన ట్రాక్ మీదికి వెళ్లింది.

మొదటి చుట్టు టైర్లు వేడెక్కడానికి. రెండో చుట్టులో మూడో మలుపు దగ్గర బ్రేక్ వేసి స్టీరింగ్ తిప్పింది. ముక్కు లోపలికి తిరిగింది, తాడు కట్టి లాగినట్టు. ఆమె అనుకున్న దానికన్నా ముందే తిరిగింది, లోపలి అంచు మీదికి చక్రం ఎక్కేసింది. తొందరపడింది. పొడవాటి తిన్నని దారిలో తనని తాను తిట్టుకుని, ఊపిరి సర్దుకుంది. మూడో చుట్టులో బ్రేక్ కాస్త ఆలస్యంగా వేసింది. గిన్నె మలుపులో కారు ఒరగలేదు, నాలుగు చక్రాల మీదా ఒకేలా కూర్చుని తిరిగింది. చివరి మలుపు దాటాక కాలు పూర్తిగా తొక్కిపట్టి గీత దాటింది.

తిరిగొచ్చి హెల్మెట్ తియ్యకుండానే దశరథ్ వైపు చూసింది. అతను టైమింగ్ తెర ఉన్న వైపు నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు, తొందరేం లేకుండా. కావాలనే.

"చెప్పు భయ్యా."

"రెండు ఇరవై తొమ్మిది. పాయింట్ ఆరు." ఆగాడు. "అమ్మని నా దుకాణంల పెట్టుకుంటా మేడమ్. జీతం మంచిగిస్త."

"నా జీతం నువ్వియ్యలేవు నాయనా," అంది సీతారత్నం పులిహోర వడ్డిస్తూ.

తిన్నాక దశరథ్ ప్యాడ్లు మార్చాడు. భావన మళ్లీ పత్రిక పరిచింది. ఈసారి ఒక్కో చక్రానికి ఇరవై.

సాయంత్రం ఐదున్నరకి చిల్లా సరిహద్దు దాటి ఢిల్లీలోకి వచ్చి సొసైటీ గేటు దగ్గరికొచ్చారు. శశిధర్ బయటే నిలబడి ఉన్నాడు. భావన వేగం తగ్గించలేదు, పెంచలేదు. స్పీడ్ బ్రేకర్ మీదికి రోజూ ఎక్కించినట్టే ఎక్కించింది. దించింది. అద్దంలోకి చూసింది.

సీతారత్నం రెండు చేతులూ ఒళ్లో క్యారియర్ మీదున్నాయి.

శశిధర్ దగ్గరికొచ్చి వెనక తలుపు తీశాడు. తల్లి మొహంలోకి చూశాడు. ఎలా ఉందని అడిగాడు. బాగుందిరా, నిజంగా బాగుంది, అంది ఆవిడ. అతను నమ్మలేదు. ఆపరేషన్ అయిన మర్నాడు కూడా ఆవిడ బాగుందనే చెప్పింది.

"అమ్మా, నువ్వు ముందుకెళ్లి కూర్చో," అన్నాడు. తను వెనక సీట్లో, సరిగ్గా తల్లి కూర్చునే చోట కూర్చున్నాడు. "భావనా, పద. మిగిలిన ఆరూ ఎక్కించు."

భావన సొసైటీ చుట్టూ తిప్పింది. రెండోది, మూడోది. పార్కు దగ్గర తారు ఊడిపోయి గుట్టలా లేచిన నాలుగోది.  ఐదు, ఆరు. ఏడోది నీళ్ల ట్యాంకు పక్కన, అన్నిటికన్నా ఎత్తు. అది దాటి పార్కింగ్‌లో గోడకీ స్తంభానికీ మధ్య కారు ఆపింది. ఇంజిన్ కట్టేసింది. తాళాలు చేతిలోకి తీసుకుని వెనక్కి తిరక్కుండా కూర్చుంది.

వెనక సీట్లోంచి ఫోన్ మోగుతున్న చప్పుడు వినిపించింది. అవతల ఎవరో ఎత్తారు.

"హా భాయ్‌సాబ్, మైఁ శశిధర్," అన్నాడు శశిధర్. "కల్ మత్ ఆయియే. గాడీ బిక్‌నీ నహీఁ హై." రేపు రావద్దనీ, కారు అమ్మట్లేదనీ గురుగ్రామ్ మనిషికి చెప్పేశాడు.

సీతారత్నం సీటు బెల్టు విప్పుకుంటూ, మంగళవారం పదింటికి కాదు, తొమ్మిదిన్నరకే బయల్దేరదామంది కోడలితో. ఫిజియోథెరపీ అయ్యాక ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇంకోసారి వెళ్లొద్దామని.