పద్నాలుగో నంబరు బస్సు

ఆయన పని బస్సులకు వేళలు కట్టడం. ఏ బండి ఏ స్టాపుకి ఎన్ని నిమిషాల్లో చేరాలో డిపోలో మూడో గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా గళ్ల కాగితం మీద రాస్తున్నాడు. భార్యకు కడుపులో క్యాన్సర్ ముదిరిందని తెలిసిన రోజు కూడా చేతనైన ఆ పనే చేశాడు. వంటింటి గోడకి గళ్ల కాగితం అంటించి మాత్రలు, రక్తపరీక్షలు, ఆసుపత్రి ప్రయాణాలు అన్నీ పావుగంట చొప్పున నింపేశాడు. ఒక్క గడి ఖాళీ లేదు. ఆ కాగితం నిండుగా ఉన్నంతకాలం ఆమెకేమీ కాదని ఒక మొండి నమ్మకం. పైకి అనడానికి తనకే సిగ్గు.

మూడు విడతలు మందు ఎక్కించాక డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. నాలుగో విడత వల్ల ఒరిగేది తక్కువ, నీరసం ఎక్కువ. కావాలంటే గురువారం రండి. లేదంటే హాస్పిస్ వాళ్లని పిలుచుకోండి, ఇంటికే వచ్చి నొప్పీ వాంతులూ చూసుకుంటారు.

ఆ మాట వినగానే ఆయనకు తన వదిన, అంటే భార్య సొంత అక్క, హాస్పిస్ వాళ్ల చేతుల్లో గడిపిన ఆఖరి రెండు రోజులూ కళ్లకు కట్టాయి. సరేనంటే భార్యను తన చేత్తో సాగనంపినట్టేననిపించింది. ఇంటికొచ్చి గురువారం గడిలో ఆసుపత్రి అని రాశాడు.

మంగళవారం పొద్దున ఆయన చెప్పులేసుకుంటుంటే హాస్పిస్ నర్సు వచ్చింది. పిలిచింది భార్యే.

నర్సు మంచం పక్కన కుర్చీ లాక్కుంది. "నొప్పి సంగతి తర్వాత అడుగుతాను అక్కా. ముందు మీకేం చెయ్యాలనుందో చెప్పండి."

ఆయన అలవాటుగా గోడ వైపు చూశాడు. దానికి గడి లేదు.

"మా ఆయన వేళలు కట్టిన పద్నాలుగో నంబరు బస్సెక్కాలనుంది," అంది భార్య. "ఇరవై ఆరేళ్లుగా అన్నం ముందు కూర్చుని దాని ముచ్చటే. ఆ మలుపుకి నిమిషమున్నర, ఈ వంతెనకి రెండు. సవతి మొహం ఒక్కసారైనా చూడొద్దూ?"

నర్సు పక్కున నవ్వింది. ఆయనకు ఒళ్లు మండింది.

"మా వదినకీ మిమ్మల్నే పిలిచాం. రెండో రోజుకే పోయింది."

"అదే గొడవ బావగారూ. రెండ్రోజుల ముందు పిలిస్తే, మనిషి ఏ పక్కకి తిరిగి పడుకుంటే హాయిగా ఉంటుందో తెలిసేసరికే అయిపోతుంది. అక్కకి నెలలున్నాయన్నారు డాక్టరు. నెలలుంటే చాలా చెయ్యొచ్చు. మనసు మారితే మమ్మల్ని మానేసి మళ్లీ ఆసుపత్రికే వెళ్లండి, ఎవరూ అడ్డుపడరు."

"మరి నేనేం చెయ్యాలి?"

"మొగుడిగా ఉండండి. నర్సు ఉద్యోగం నాకొదిలెయ్యండి."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. నాలుగు నెలలుగా మాత్రల డబ్బాతో మంచం దగ్గర నిలబడ్డాడే గానీ ఆ మంచం మీద కూర్చున్న గుర్తు లేదు. ఒక్క గడి ఖాళీ ఉన్నా ఆ కాసేపు ఆమె మొహం చూడాల్సి వస్తుందని, చూస్తే ఏడుపొస్తుందని భయపడ్డాడన్నమాట.

"గురువారం మానేద్దామా?" అన్నాడు చివరికి.

"నేనెప్పుడో మానేశానండీ. మీ కోసం ఆగాను."

ఆయనే ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పాడు. నర్సు నాలుగు రోజులు వరసగా వచ్చి నొప్పి మందు సరిగ్గా కుదిర్చింది. ఆదివారం ఆమె ఆరు గంటలు నిద్రపోయి లేచి, కూరలో ఉప్పెక్కువైందని ఆయన్ని తిట్టింది. ఆయనకు ఆ తిట్టు తేనెలా ఉంది.

సోమవారం పదకొండున్నర బస్సు. కంగారులో పెళ్లికొడుకులా చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మలుపు రాకముందే మలుపు గురించి ఆయన చెప్పేస్తున్నాడు. వంతెన మీద రద్దీలో బండి ఆగిపోయింది.

"దీనికేనా రెండు నిమిషాలిచ్చింది? ఐదు నిమిషాలవుతోంది," అంది ఆమె.

"కొత్తలో తెల్లవారుజామున కొలిచాను," నసిగాడు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "మేం మొత్తుకుంటే వినలేదమ్మా. మీరైనా చెప్పండి."

బండిలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమె నవ్వింది. పరువు పోయినందుకు ఇంత సంతోషం ఉంటుందని ఆయనకు తెలియదు.

ఆఖరి స్టాపులో దిగి నర్సుకి ఫోన్ చేశాడు. మందు నాలుగింటిదాకా పనిచేస్తుంది, అలిసిపోకపోతే తిరగండి అంది.

"తొమ్మిదో నంబరు ఎటు పోతుంది?" అడిగింది ఆమె.

"ఏటి వైపు. దాని సంగతి నీకెప్పుడూ చెప్పలేదు."

"అందుకే."

అవతలి వరసలో తొమ్మిది కదులుతోంది. అర నిమిషం ఆలస్యానికి డ్రైవర్లకు మెమోలు పంపే మనిషి, రెండు చేతులూ ఊపుతూ బస్సుకి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

"ఆపవయ్యా," అన్నాడు. "మా ఆవిడ వస్తోంది. మెల్లగా వస్తుంది."