ప్రొఫెసరుగారింటి కాలా అజార్

ప్రొఫెసరుగారు గదిలో పచార్లు చేస్తూ రేపటి పాఠం వల్లె వేస్తుంటే, ఆయన భార్య పక్కనే చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పాఠం కాలా అజార్ గురించి. ఆ జబ్బు గురించి తనలా చెప్పేవాడు మెడికల్ కాలేజీలో మరొకడు లేడని ఆయనే చెప్పుకుంటారు. "వారాల తరబడి వదలని జ్వరం. మనిషి చిక్కిపోతాడు, పొట్ట మాత్రం ముందుకొస్తుంది. ఎందుకు? ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం ఉబ్బుతుంది కనక! రక్తం తగ్గుతుంది, ఒళ్ళు నల్లబడుతుంది" అని గోడ గడియారానికి విడమరిచి చెబుతున్నారు. ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. నెలల తరబడి సాయంత్రమయ్యేసరికి తనకి ఒళ్ళు కాలిపోతోందంటే "వంట వేళకి భలే వస్తుందే నీ జ్వరం" అన్నది ఈ నోరే. చేతులు పుల్లలై పొట్ట పెరిగితే "తిన్నది ఎక్కడికి పోతుందిలే" అని అత్తగారు ముసిముసిగా నవ్వారు. రంగు మారితే, పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగడం మానేశారీయన. ఊళ్ళోవాళ్ళ ప్లీహాలన్నీ తడిమే మహానుభావుడికి, కంచం అందించే చెయ్యి ఎవరిదో తెలియదు.

"నాకూ ఇవన్నీ ఉన్నాయండీ" అంది.

"పాఠం విన్న ప్రతివాడికీ అన్ని జబ్బులూ ఉన్నట్టే ఉంటుంది. ఆ కాలరు సరిగ్గా చెయ్యి."

మర్నాడు ఆయన క్లాసులో గొంతు చించుకుంటున్న వేళకే, అదే ఆసుపత్రిలో ఓపీ చీటీ తీయించుకుంది. డాక్టరమ్మ ఎడమ పక్కటెముకల కింద పెట్టిన చెయ్యి బొడ్డు దాకా జరిపి, గబగబా పరీక్షలు రాసింది. వేలు గుచ్చి తీసిన రక్తపు చుక్క పరీక్ష పట్టీ మీద వేస్తే జబ్బు గీత తేలింది. అది చాలదని తుంటి ఎముకలోంచి మజ్జ తీసి మైక్రోస్కోపు కింద పెడితే కణాల నిండా పరాన్నజీవులే.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే ప్రాణం మీదకొచ్చేదమ్మా. మందుంది, తగ్గిపోతుంది" అని వార్డులో చేర్చుకుంది.

కబురంది ప్రొఫెసరుగారు పరిగెత్తుకొచ్చారు, ముందు ల్యాబుకి. ఆ తరవాత మంచం దగ్గరికి. మొహం వెలిగిపోతోంది.

"ఎంత చక్కటి స్లైడో తెలుసా! ఎల్లుండి స్టూడెంట్లని తీసుకొస్తాను, పొట్ట చూపించు. మా ఆవిడవని చెప్పన్లే, ఎవరో పేషెంటంటాను."

అంత నీరసంలోనూ ఆవిడకి నవ్వొచ్చింది.

"అలాగే తీసుకురండి. జ్వరం ఎప్పుడొచ్చింది, ఎవరికి చెప్పుకున్నాను, వాళ్ళేమన్నారు... అవి మాత్రం నేనే చెబుతాను. పేషెంటు నోటనే వినాలి కదా!"

ఆ ఎల్లుండి రాగానే ప్రొఫెసరుగారు సెలవు పెట్టారు. ఆవిడ అడిగితే స్టూడెంట్లని డాక్టరమ్మే తీసుకొచ్చింది. గుమ్మం దగ్గర మొహమాటపడుతున్న వాళ్ళని చూసి, దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది.

"దగ్గరికి రండి" అంది.