నల్లగానే ఉన్న గీతలు

నేను ఒక తుపాకీ నెత్తినెక్కి కూర్చునే గాజుకన్నును. నన్ను స్కోపు అంటారు. తుపాకీ అనగానే భయపడకండి. మా తుపాకీ ప్రాణం తీసేది కాదు, నిద్రపుచ్చేది. గుండుకు బదులు మత్తుసూది వదులుతుంది. తోటల్లోకి దిగిన ఎలుగుబంటిని చంపకుండా పడుకోబెట్టి అడవికి చేర్చడం మా వృత్తి. ఇప్పుడు నేనుంటున్నది ఉద్దానం వైపు ఒక అటవీ ఆఫీసులో, ఇనప బీరువా అడుగు అరలో, పాత రిజిస్టర్ల కింద. నా మెడకు 'పనికిరాదు' అని చీటీ కట్టారు. ఆ చీటీ ఎలా వచ్చిందో చెబుతాను. నా గోడు వినే నాథుడు లేడని తెలుసు, అయినా చెబుతాను.

నేను పుట్టిన కార్ఖానాలో నా కడుపులో ఒక చిన్న గాజుబిళ్ళ అమర్చారు. దాని మీద వెంట్రుక కన్నా సన్నని నల్లగీతలు రెండు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. అవి కలిసే చోటే గురి. తర్వాత నాలోని గాలి తీసేసి, తేమ లేని వాయువు నింపి, ఊపిరి కూడా దూరకుండా బిగించారు. ఆ వాయువు ఉన్నన్నాళ్ళూ ఎంత మంచు కురిసినా నా లోపల చెమ్మ పట్టదు. నాకున్న ఆస్తల్లా ఆ గీతలూ, ఆ వాయువూ.

సెక్షన్ ఆఫీసరు కూర్మారావు చేతిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. పంతొమ్మిది ఎలుగుల్ని పడుకోబెట్టాం. ఒక్కటీ చావలేదు. జీపులో టిఫిను క్యారియరు కాళ్ళ దగ్గర పెట్టి, నన్ను ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇంట్లో వాళ్ళావిడ ఏమనుకునేదో నాకు తెలియదు గానీ, నేను మాత్రం పొంగిపోయేదాన్ని.

దసరా వెళ్ళిన వారానికి ఆఫీసు వెనక గడ్డిబొమ్మ మీద సాధన చేస్తూ ఆయన ఆగిపోయాడు. "ఏటిది, గీతలు అలికేసినట్టున్నాయి? నలుపంతా పోయి టీనీళ్ళ రంగొచ్చేసింది" అన్నాడు.

నేరం ముందుగా కుంకుమ మీద పడింది. ఆయుధపూజ నాడు అందరితో పాటు నాకూ గంధం పూసి, సరిగ్గా అద్దం మీదే బొట్టు పెట్టారు. మా శాఖలో భక్తికి కొదవ లేదు. సరే, కళ్ళద్దాల గుడ్డతో తుడిచారు. కంటివైపు చక్రం అటూ ఇటూ తిప్పారు. తెల్లగోడకు ఎదురుగా పట్టి చూశారు. రంగు మారలేదు. ఎలా మారుతుంది? నా గీతలు కాటుకలా నల్లగానే ఉన్నాయి. ఆయన కుడికంట్లో శుక్లం దిగుతోంది. ఆ కంటికి బెత్తెడు దూరంలో తొమ్మిదేళ్ళు బతికినదాన్ని, నాకు తెలియదా? తెలిసి ఏం లాభం, నోరేదీ?

అప్పుడు బీటు ఆఫీసరు దమయంతిని పిలిచాడు. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. "నువ్వు సూడమ్మా. నాకేనా, నీకూ అలాగే ఉందా?" అని నన్ను అందించాడు. ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. ఇద్దరికీ మసకైతే తప్పు నాది. ఒక్కరికే అయితే కంటిది.

దమయంతి చూసింది. గడ్డిబొమ్మ మీద పాకుతున్న చీమ కూడా ఆమెకు కనబడింది. నోరు తెరవబోయి, ఆయన ముఖం చూసి ఆగింది.

"అవునండి సార్. కాస్త మసగ్గానే ఉందండి."

గురువుకు కనబడనిది తనకు కనబడుతోందనడం ఆమె లెక్కలో పెద్దాయన ముందు కాలు మీద కాలేసుకుని కూర్చోవడం లాంటిది. మనుషులు దీన్ని మర్యాద అంటారు. రేంజి ఆఫీసరుగారైతే నన్ను చూడకుండానే 'మసక నిజమే' అని కాగితం మీద సంతకం పెట్టేశారు.

కూర్మారావూ దమయంతీ నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడ కెమెరాలు, బైనాక్యులర్లు బాగుచేసే ఖాదర్ వలీ నన్ను కిటికీ వెలుతురుకు పట్టి, కంటివైపు గొట్టం మెల్లగా తిప్పాడు. అద్దం మీద మరకుంటే గొట్టంతో పాటు తిరగాలి. ఏదీ తిరగలేదు.

"దీనికేం రోగం లేదు సార్. ముందు మీ కళ్ళు చూపించుకోండి."

"నా ఒక్కడికే కాదు బాబూ. ఈ అమ్మాయికీ మసగ్గానే ఉంది."

వలీ దమయంతి వైపు చూశాడు. చెప్పు తల్లీ, చెప్పు, అని నేను మొత్తుకున్నాను. ఆమె బల్ల మీది స్క్రూలను చూస్తూ నిలబడింది.

"విప్పొచ్చు. కానీ లోపలి గ్యాసు పోతే మళ్ళీ నింపే మిషను నా దగ్గర లేదు."

"విప్పండి. మసక పోతే చాలు."

విప్పాడు. నాలోని వాయువు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. దాని చోట్లో సముద్రపు చెమ్మగాలి వచ్చి కూర్చుంది. నిక్షేపంలా ఉన్న గీతల్ని చూసి వలీ తల గోక్కుని, మళ్ళీ బిగించి పంపేశాడు.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున కబురొచ్చింది. అడవిపందుల కోసం జీడితోట గట్టున ఎవరో కట్టిన ఉచ్చుతీగలో తల్లి ఎలుగు నడుము చిక్కుకుంది. గింజుకున్న కొద్దీ తీగ కండలోకి దిగుతోంది. దాని పిల్ల చుట్టూ తిరుగుతూ ఏడుస్తోంది. వెనకాల ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. పశువుల డాక్టరు సూదిలో మందు నింపి ఇస్తూ, "తొడకే తగలాలి. పొట్టలో దిగితే బతకదు" అన్నాడు.

కూర్మారావు తుపాకీ తీసుకోలేదు. "నువ్వే కొట్టమ్మా" అని దమయంతికి ఇచ్చాడు.

ఆమె మంచులో బోర్లా పడుకుని నాకు కన్ను ఆనించింది. నా లోపల చెమ్మ ఆవిరిలా పట్టేసి ఉంది. నా గీతలు నాకే కనబడటం లేదు. ఆమె చేతిరుమాలుతో తుడిచింది. లోపలి తడి పైపైన తుడిస్తే పోతుందా?

"సార్, మసగ్గా ఉందండి. గీతలు కనబడట్లేదు."

కూర్మారావు ఆమె పక్కన చతికిలబడి ప్రేమగా నవ్వాడు. "ఇంక నా కోసం అబద్ధం ఆడకమ్మా. వైజాగు నుంచొచ్చిన మర్నాడే కంటాసుపత్రికెల్లేను. శుక్లవట. మసకంతా నా కంట్లోదే, స్కోపులో ఏటీ లేదు. నా పరువు కాసేవు, అది చాలు. కొట్టు."

"కాదు సార్, ఈసారి నిజంగానే..."

"దాని నడుం తెగిపోతంది దమయంతీ! కొట్టు!"

తొమ్మిదేళ్ళలో నేను ఎన్నడూ అంత సిగ్గుపడలేదు. ఆమె ఆ తెల్లటి పొగలో నల్లగా కదులుతున్నదాన్ని అంచనా వేసి వదిలింది. సూది పొట్టలో దిగింది.

ఎలుగు ఒరిగాక డాక్టరు పరుగున వెళ్ళి తీగ కోశాడు. విరుగుడు మందు పొడిచాడు, నీళ్ళు చల్లాడు, గుండె మీద చెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత చెయ్యి తీసేసి సంచి సర్దుకున్నాడు.

"నిజమే చెప్పానండి సార్" అంది దమయంతి. ఆమె కళ్ళలో నీళ్ళు కూడా లేవు.

కూర్మారావు తుపాకీ ఎత్తి, మొదటిసారిగా ఎడమకన్ను నాకు ఆనించాడు. అది మంచి కన్ను. దానికీ పొగే కనబడింది. అయినా నన్ను కంటి నుంచి దించలేదు. అప్పటికి జీడిచెట్ల మీదుగా ఎండ వచ్చి నా మీద పడింది. నా గొట్టం వెచ్చబడి, అద్దం మీది చెమ్మ అంచుల నుంచి ఆరడం మొదలుపెట్టింది. వద్దు, ఇప్పుడు వద్దు, అనుకున్నాను. కానీ నా చేతుల్లో ఏముంది? నా గీతలు రెండూ నల్లగా, స్పష్టంగా తేలాయి. అవి కలిసే చోట, తల్లి రొమ్ములో మూతి పెట్టి, పిల్ల పాలు తాగుతోంది.