ర్యాంపు మీద ఆగిన ఊపిరి

నేను ఒక టర్బోను. పేరు వినగానే మొహం అలా పెట్టకండి, మీ ఊరి మీదుగా పోయే లారీల్లోనూ మావాళ్ళు ఉంటారు. ఇంజను వదిలే పొగ ఉందే, మీరంతా ముక్కు మూసుకుని తిట్టుకునే ఆ పొగ, దాని తోపుకే నేను గిర్రున తిరుగుతాను. తిరిగి, బయటి గాలిని పట్టి ఇంజను లోపలికి కూరుతాను. ఆ గాలి అందితేనే డీజిలు సరిగ్గా మండి బండి బరువు లాగుతుంది. ఇంత గొడ్డుచాకిరీ చేసినా మమ్మల్ని తలుచుకునేది మాత్రం చెడిపోయినప్పుడే.

నన్ను ఎక్కడో దూరాన ఒక కార్ఖానాలో పోత పోసి, చెక్కి, నడుముకు చిన్న మోటారు పెట్టె ఒకటి బిగించారు. గాలి ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో ఇంజను కంప్యూటరు ఒక తీగ ద్వారా ఆ పెట్టెకు చెబుతుంది. పెట్టె నాకు చెబుతుంది. తీగ ఊడిందా, నేను చెవిటివాణ్ణి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి చాలు, మిగతా కథ మీకే అర్థమవుతుంది.

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైటు క్వారీకి నన్ను పంపారు. అక్కడ బండరాళ్ళు మోసే పెద్ద డంపరుకు నేను తొలి టర్బోను కాను. మెకానిక్ మీరావలి నన్ను అట్టపెట్టెలోంచి తీస్తుంటే, నా ముందువాడు షెడ్డు గోడవారన దుమ్ములో పడి ఉన్నాడు. చూస్తే రోగిష్టివాడిలా లేడు. కంప్యూటరు తెర మీద టర్బో పేరు పడిందట, అంతే, వాణ్ణి పీకి పారేశారు. జ్వరం వచ్చిందనగానే మనిషినే మార్చేసినట్టు! రేపు నా గతీ ఇంతేనేమో అనుకున్నాను.

ఆ డంపరు తోలేవాడు మాల్యాద్రి. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. బండి ఆపేముందు కాసేపు ఇంజను ఊరికే తిరగనిచ్చి, నా ఒళ్ళు చల్లబడ్డాకే తాళం తిప్పేవాడు. అటువంటి డ్రైవరు దొరకడం మా జాతికి అదృష్టం.

ఆ క్వారీలో ఒక ఆనవాయితీ ఉంది. బండి షెడ్డుకు వచ్చిందంటే ముందు పాత దిష్టితాడు విప్పేసి, బండిని శుభ్రంగా కడగాలి. మెకానిక్ చెయ్యి పెట్టేది ఆ తరువాతే. బాగయ్యాక మేనేజరు పేరిరెడ్డి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు, మిరపకాయలు, ఒక పాత చెప్పు గుచ్చిన కొత్త తాడు తన చేత్తోనే కట్టాలి. తాడు తగిలించే బంపరు కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. అందుకని బండి ముందున్న ఇనుప జాలీలోంచి చెయ్యి దూర్చి, లోపల దొరికినదానికి ముడేసి, చెప్పును బయటికి వేలాడేసేవాడు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాడు కూడాను. అతని భక్తిని నేను తప్పుపట్టను.

మొదట్లో బాగానే లాగాను. తరువాత ఒకనాడు, కొండంత బండరాయితో గుంతలోంచి పైకి పోయే ఏటవాలు బాట, అదే ర్యాంపు, ఎక్కుతున్నాం. ర్యాంపు వంపు దగ్గర, సరిగ్గా బలమంతా కావాల్సినచోట, నా చెవులు మూసుకుపోయాయి. కంప్యూటరు అరుస్తూనే ఉండి ఉంటుంది, నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు. గాలి అందక ఇంజను నల్లపొగ కక్కింది. బండి ఈసురోమంటూ ఎలాగో ఎక్కింది.

షెడ్డుకు తీసుకెళ్ళారు. తాడు విప్పారు, కడిగారు, చూశారు. నేను నిక్షేపంలా ఉన్నాను! వైద్యుడు గడప తొక్కగానే నొప్పి పారిపోయినట్టు, ఎన్నిసార్లు పరీక్షించినా ఏ లోపమూ లేదు. కాయ కొట్టి, తాడు కట్టి పంపారు. నాలుగు రోజులు పోయాక ర్యాంపు మీద మళ్ళీ అదే కథ.

"లాగట్లేదు సారూ. వంపు కాడికి రాంగానే ఊపిరి ఆగిపోయినట్టు అయిపోతంది," అన్నాడు మాల్యాద్రి.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడే," అన్నాడు పేరిరెడ్డి. "షెడ్డులో గుర్రంలాగా ఉంటది, నీ చేతికొస్తే గాడిదవుతదా? ఒక టర్బోని తిన్నావు. ఇప్పుడు రెండోదానికి నోరు తెరిచావు."

పక్కనే ఉన్న నేను ఎంత మొత్తుకున్నా ఏం లాభం? నా అరుపు మనుషులకు ఈలలాగే వినపడుతుంది.

ఆ తరువాత జరిగింది వినండి. లోడుతో వంపు తిరుగుతుండగా నా చెవులు మళ్ళీ మూసుకుపోయాయి. ఈసారి బండి ఎక్కలేదు. ఆగింది. ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. కింద డ్రిల్లింగు చేసేవాళ్ళు కేకలు వేస్తూ చెల్లాచెదురయ్యారు. మాల్యాద్రి బ్రేకు మీద నిలబడి, స్టీరింగు తిప్పి, బండి వెనకభాగాన్ని కొండగోడకు ఆనించాడు. రాయి గీరుకుని నిప్పులు లేచాయి. బండి ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అతను చాలాసేపు స్టీరింగు వదల్లేదు. మీరావలి ఎక్కి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"రేపు బండి కంపెనీ ఇంజనీరు వస్తంది. బండిలో తప్పు లేదందా, నువ్వు ఇంటికే," అని తేల్చేశాడు పేరిరెడ్డి.

ఇక మాల్యాద్రి పని అయిపోయినట్టే. ఎందుకంటే షెడ్డులో తప్పు దొరకదని నాకు తెలుసు.

మర్నాడు ఇంజనీరు సుజన అనుకున్నదానికంటే ముందే దిగింది. షెడ్డువాళ్ళు అప్పుడే బండిని ఈడ్చుకొచ్చి, దిష్టితాడు విప్పడానికి కత్తి తెస్తున్నారు.

"ఆగండాగండి. ర్యాంపు మీద ఎట్టా ఉందో అట్టాగే చూడాలి నేను. ఏమీ విప్పొద్దు, కడగొద్దు," అంది.

ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను నడిపించింది. టర్బో పేరు పడిందని వెంటనే టర్బో మీద పడలేదు. నా పెట్టె దగ్గర మొదలుపెట్టి తీగ వెంబడి చేత్తో తడుముకుంటూ వచ్చింది. జాలీ వెనక ఆమె చెయ్యి ఆగింది. బయటికి వచ్చి, వేలాడుతున్న చెప్పును పట్టుకుని మెల్లగా ఒక్క గుంజు గుంజింది.

నా చెవులు మూసుకుపోయాయి. తెర ఎర్రబడింది. వదిలింది, కాసేపటికి వినపడసాగింది. మళ్ళీ గుంజింది. మళ్ళీ మూసుకుపోయాయి.

"తాడు టర్బో తీగకు కట్టారు. ర్యాంపు మీద బండి అదిరినప్పుడల్లా చెప్పు ఊగి తీగను లాగుతంది, సాకెట్లో పిన్ను వదులైపోయింది. షెడ్డుకు రాంగానే తాడు విప్పేస్తారు గదా, ఇంక మీకు తప్పెట్టా దొరుకుద్ది? ఎవరు కట్టారిది?"

అందరూ పేరిరెడ్డి వైపు చూడకుండా ఉండటానికి నానా పాట్లు పడ్డారు.

సుజన ఇంజను ఆపి, తాడు కోసేసి, పిన్ను మార్చి, తీగను కదలకుండా బిగించి మళ్ళీ నడిపించింది. పేరిరెడ్డి చేతులు దులుపుకున్నాడు. "సర్లే, అయిందేదో అయింది. దొరికింది గదా. మాల్యాద్రీ, ఎక్కు. లోడు రెడీగా ఉంది."

ఒక్క మంచి మాట వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"ఎక్కుతా సారూ," అన్నాడు మాల్యాద్రి. "ఈ ఒక్క ట్రిప్పుకీ మీరూ నా పక్కన ఎక్కండి. పైదాకా పోయొద్దాం."

"నేనెందుకయ్యా మధ్యలో?"

"బాగయిందిగా సారూ. భయమేముంది?"

అందరూ చూస్తున్నారు. పేరిరెడ్డి నవ్వుతూనే వచ్చి నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు. తల ఎత్తి ర్యాంపు వైపు చూశాడు. వంపు దగ్గర కొండగోడ మీద బండి గీరిన తెల్లటి చార ఎండకు మెరుస్తోంది. నవ్వు ఆగిపోయింది. కాలు మెల్లగా కిందికి దించాడు.

"ఆఫీసులో పనుంది నాకు," అన్నాడు.

మాల్యాద్రి గొంతులో కోపం లేదు. "ఇప్పుడు మీరు దిగిన మెట్టే సారూ, నేను రోజూ ఎక్కింది," అన్నాడు. "అద్దంకిలో మా బావ ట్రాక్టరుంది. అది తోలుకుంటా."

నెత్తిమీది హెల్మెట్టు తీసి మీరావలి చేతిలో పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. నేను పిలిచాను. నా పిలుపు ఎవరికి వినపడుతుంది?

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. సుజన తెర మీద ఒక్క లోపమూ లేదు. తీగలో ప్రతి మాటా నాకు స్పష్టంగా వినపడుతోంది. లోడు ఎత్తే యంత్రం గుంతలో ఎదురుచూస్తోంది. బండి ఎక్కేవాడే లేడు.