ఇనిష్‌రోన్‌లో ఆ పావుగంట

విహారయాత్ర కోసం నింపిన ఆ కాగితం మీద డింప్నా డిగ్నన్ రాసిన అబద్ధం ఒక్కటే. పేరు, ఊరు, ఫోన్ నంబరు, రెండు మైళ్లు నడవగలరా లేదా, అన్నీ నిజాలే. "ఆరోగ్యం గురించి మాకు ముందుగా తెలియాల్సిందేమైనా ఉందా?" అన్న గడిలో మాత్రం, భర్త మాలకీ పేరుకు ఎదురుగా, "ఏమీ లేదు" అని రాసి, సిరా ఆరేదాకా దానివంక చూస్తూ కూర్చుంది.

బాలిదర్రా ఊరి విశ్రాంత ఉద్యోగుల సంఘం వాళ్లు నెలకోసారి బస్సు కట్టించుకుని ఎక్కడికో ఒకచోటికి పోతారు. ఒక నెల జున్ను చేసే పొలం, ఒక నెల పాత కోట, మరో నెల సరస్సులో పడవ. డింప్నాకు ఊపిరాడేది ఆ ఒక్క రోజే. మిగిలిన రోజులన్నీ మాలకీ అడిగే ఒకే ప్రశ్నకు నలభైసార్లు ఒకే జవాబు చెప్పడంతో గడిచిపోతాయి. సంఘంలో కోల్మన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఓసారి కోటలో దారి తప్పి ఏడ్చాడని, "ఈసారి నుంచి తోడెవరినైనా తెచ్చుకోండి" అని కమిటీ వాళ్లు మెత్తగానే చెప్పారు. ఆ తరవాత కోల్మన్ మళ్లీ బస్సెక్కలేదు. డింప్నా అది మరిచిపోలేదు.

మాలకీని చూస్తే ఎవరికీ అనుమానం రాదు. నలభయ్యేళ్లు బాగ్ అనే చిత్తడి నేలల్లో, పొయ్యిలోకి తవ్వి తీసే టర్ఫ్ గడ్డల్ని మోసే చిన్న రైలింజను నడిపిన మనిషి. డెబ్బయ్యారేళ్లొచ్చినా వెన్ను వంగలేదు. ఎవరేం పలకరించినా టోపీ ఎత్తి, "భేషుగ్గా ఉంది, దేవుడి దయ!" అంటాడు. వాన పడుతోందన్నా అదే జవాబు, వాళ్లింట్లో ఎవరో పోయారన్నా అదే జవాబు. ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు జనం.

మే నెల ప్రయాణం పడమటి తీరానికి. పొద్దున గొర్రెల పొలం, మధ్యాహ్నం ఇనిష్‌రోన్ దీవి. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గితే ఇసుక మీద నడిచి ఆ దీవికి వెళ్లొచ్చు. పోటు వచ్చేలోగా తిరిగొచ్చెయ్యాలి.

గొర్రెల పొలంలో మాలకీ చిన్నపిల్లాడైపోయాడు. కాపరి ఒక్క ఈల వేస్తే కుక్క చెవులు రిక్కించి, గడ్డిలో పాకి, ముప్ఫై గొర్రెల్ని ఒక మూలకి తోలుకొచ్చింది. మాలకీ చేతిలో గొర్రెపిల్లనొకదాన్ని పెడితే, దాని నుదుటికి నుదురానించి నిలబడిపోయాడు. డింప్నా అతని మోచెయ్యి పట్టుకునే ఉంది.

సంఘం కార్యదర్శి ఫిలోమినా గాఫీ అది చూసి నవ్వింది. ఆవిడ నోటికి జడవని వాళ్లు ఊళ్లో లేరు.

"ఏం డింప్నా, పెళ్లై యాభయ్యేళ్లైనా మొగుడి చెయ్యి వదలవా? ఎత్తుకుపోతామనా? భయపడకు, నా దగ్గరున్న ఒక్కడితోనే వేగలేక చస్తున్నా."

అందరూ ఘొల్లుమన్నారు. డింప్నా కూడా నవ్వి చెయ్యి వదిలేసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి దీవికి నడిపించుకెళ్లింది అక్కడి గైడు బ్రోనా హెనెగన్. నలభై దాటిన మనిషి, గాలికి రాటుదేలిన మొహం, మెళ్లో ఈల. ఇసుక మీద అడుగు పెట్టకముందే ముప్ఫై ఒక్క మందినీ లెక్కపెట్టుకుంది.

"వినండమ్మా, వినండయ్యా. రెండు గంటలకల్లా మనం దీవి దిగి ఇసుక మీదుండాలి. రెండుంపావు దాటితే సముద్రం ఎవ్వరి మాటా వినదు. నా మాట కూడా వినదు, నేనెంత అరిచినా."

"మా ఫిలోమినా అరిస్తే వింటుందేమో, చూద్దాం" అన్నాడు బస్సు డ్రైవరు జార్లత్.

"నిన్నిక్కడే వదిలేసి బస్సు నేనే తోలుకుపోతా, జాగ్రత్త" అంది ఫిలోమినా.

దీవిలో పైకప్పు లేని చర్చి, చుట్టూ నాచు పట్టిన సమాధులు, పొట్టి గడ్డి. గోడ చాటున గాలి తగలకుండా కూర్చుని అందరూ శాండ్‌విచ్‌లు విప్పారు. మాలకీ డింప్నా పక్కనే కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ తిన్నాడు. ఫిలోమినా తన మొగుడు పందిని అమ్మడానికి సంతకు తీసుకెళ్లి, మళ్లీ ఆ పందినే ఎక్కువ ధరకు కొనుక్కొచ్చిన సంగతి మొదలుపెట్టింది. డింప్నా ఎన్నాళ్లకో కడుపుబ్బా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని పక్కకి తిరిగింది. శాండ్‌విచ్ చుట్టిన కాగితం అక్కడే ఉంది, మాలకీ లేడు.

చర్చి వెనక చూసింది. లేడు. సమాధుల మధ్య చూసింది. అక్కడా లేడు. అప్పుడే బ్రోనా ఈల ఊది తలలు లెక్కపెట్టింది. ముప్ఫై మంది. మళ్లీ లెక్కపెట్టింది.

"ఎవరు తక్కువ?"

"మాలకీ" అంది డింప్నా. "చాటుకి వెళ్లుంటాడు. వచ్చేస్తాడు."

అది రెండో అబద్ధం. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆమెకి తెలుసు. గడియారంలో పావు తక్కువ రెండైంది.

బ్రోనా ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "డింప్నా గారూ, ఆయనకి మతిమరుపు లాంటిదేమైనా ఉందా? ఉంటే చెప్పండి, తప్పేం లేదు."

అందరూ ఇటే చూస్తున్నారు. డింప్నా సమాధుల వైపు చూస్తూ అంది. "ఈ వయసులో ఎవరికుండదమ్మా?"

"సరే, అయితే గట్టిగా పిలుద్దాం. ఆయనకి చెవులు బాగానే వినిపిస్తాయి కదా?"

"బాగానే వినిపిస్తాయి."

అందరూ లేచారు. ఒకరు గుట్ట మీదికి, ఇద్దరు ఒడ్డుకి, మిగిలినవాళ్లు చర్చి చుట్టూ. "మాలకీ! మాలకీ!" అని దీవంతా దద్దరిల్లేలా పిలిచారు. జార్లత్ గొంతు ఎద్దు రంకెలా ఉంది. ఫిలోమినా రెండు చేతులూ నోటికి ఆనించుకుని, "ఓయ్ మాలకీ, ఎక్కడ చచ్చావయ్యా!" అని కేక పెట్టింది.

జనవరిలో ఇలాగే జరిగింది. ఒక సాయంత్రం మాలకీ కనబడకపోతే, పక్కింటి అన్నదమ్ములిద్దరూ టార్చిలైట్లు పట్టుకుని పొలాలన్నీ తిరుగుతూ అతని పేరు పెట్టి అరిచారు. చివరికి డింప్నాకే దొరికాడు, సొంత పెరట్లో టర్ఫ్ కొట్టంలో, నెత్తిన గోనెసంచి కప్పుకుని గజగజ వణుకుతూ. "వాళ్లు నామీద కోపంగా ఉన్నారు, నేనేదో చేశాను" అన్నాడు. పేరు పెట్టి గట్టిగా పిలిస్తే అతను రాడు. ఇంకా దూరం పోతాడు. ఆ సంగతి తెలిసింది ఈ దీవిలో తనొక్కదానికే.

పిలవడం ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే కోల్మన్‌కి పట్టిన గతే తమకూ పడుతుంది. ఇంకో నిమిషం చూద్దాం, ఈ రాయి వెనకే ఉంటాడు, ఆ గోడ వెనకే ఉంటాడు అనుకుంటూ ఆమె కూడా వెతికింది. పిలవలేదు, ఊరికే వెతికింది. అలా నిమిషాలు పోయాయి. రెండు గంటలైంది. ఇసుక మీద అక్కడక్కడా నీటి పాయలు మెరవడం మొదలైంది.

"జార్లత్, నువ్వు వీళ్లందర్నీ తీసుకుని ఇప్పుడే బయల్దేరు. నేనుంటా" అంది బ్రోనా. మొహం పాలిపోయింది. మళ్లీ ఈల నోట్లో పెట్టుకుంది.

"ఊదకు!" అని అరిచింది డింప్నా. "ఊదకమ్మా. పిలవకండి. ఎవ్వరూ పిలవకండి!"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"పిలిస్తే పారిపోతాడు. ఆయనకి మతి సరిగ్గా లేదు. రెండేళ్లైంది. డాక్టరు రాసిచ్చాడు కూడా. మీరందరూ తన మీద కోపంగా ఉన్నారనుకుంటున్నాడు." ఊపిరి తీసుకుంది. "కాగితంలో నేను రాయలేదు."

బ్రోనా ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచింది. "ఎక్కడికి పోతాడు? మీకే తెలియాలి. ఆలోచించండి."

"డ్యూటీకి. ఎప్పుడూ డ్యూటీకే. రైలు పట్టాల కోసం చూస్తాడు."

"ఉత్తరం వైపు పాత పట్టాలున్నాయి. ఒకప్పుడు సముద్రపు నాచు మోసే బండ్ల కోసం వేసినవి. అవి తిన్నగా నీళ్లలోకే దిగుతాయి" అంది బ్రోనా, పరిగెడుతూనే ఫోను తీసి రక్షక పడవ వాళ్లకి కబురు చెప్పింది.

మిగిలినవాళ్లని జార్లత్ ఇసుక మీదికి దింపాడు. ఫిలోమినా ఉంటానని మొండికేస్తే, అతను రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

పట్టాలు తుప్పు పట్టి, గడ్డిలోంచి రాళ్ల మీదుగా నీళ్లలోకి దిగిపోయాయి. మాలకీ వాటి మధ్యనే ఉన్నాడు, ఒడ్డుకి పది గజాల దూరంలో, నడుం లోతు నీళ్లలో, ఒక ఇనుప స్తంభాన్ని కావలించుకుని. టోపీ లేదు. కెరటం వచ్చినప్పుడల్లా గుండెల దాకా తడుస్తున్నాడు.

డింప్నా నీటి అంచున నిలబడింది. వంటింట్లోంచి పలకరించినట్టుగా, "డ్యూటీ దిగావా? టీ పెట్టాను" అంది.

అతను తల తిప్పాడు. "ఇంకా దిగలేదు. లైను మీద నీళ్లొచ్చేశాయి."

"అవును, అందుకే ఇవాళ బండ్లు ఆపేశారు. ఫోర్‌మన్ కబురు పంపాడు."

"నామీద కోపంగా ఉన్నాడా?"

"ఎందుకుంటుంది? నువ్వు బండి మంచిచోట ఆపావని మెచ్చుకున్నాడు. రా, చలేస్తోంది."

స్తంభం వదలడానికి చూశాడు గాని చేతులు బిగుసుకుపోయాయి. బ్రోనా చప్పుడు చెయ్యకుండా నీళ్లలోకి దిగి, పక్కనించి వెళ్లి అతని నడుం చుట్టూ చెయ్యి వేసింది. నాలుగడుగులు తెచ్చింది. అయిదో అడుగు నాచు పట్టిన రాతి మీద జారింది. పడుతూ కూడా అతన్ని పైకే ఎత్తి పట్టుకుంది. తన ఎడమచెయ్యి మాత్రం పట్టాకీ రాయికీ మధ్య పడి నలిగింది. ఆమె పెట్టిన అరుపు డింప్నా చెవుల్లో ఈనాటికీ ఉంది. డింప్నా మోకాళ్ల లోతు దాటి వెళ్లి మొగుడి కాలరు పట్టుకుని ఒడ్డుకి లాగింది.

దీవి ఇవతలి వైపుకి వచ్చేసరికి ఇసుక లేదు. అంతా నీళ్లు. అవతలి ఒడ్డున బస్సు, దాని పక్కన చీమల్లా జనం.

పడవ వచ్చేదాకా ముగ్గురూ చర్చి గోడ చాటున కూర్చున్నారు. బ్రోనా సంచిలోని వెండి రేకు దుప్పటి మాలకీకి చుట్టారు. అతని పెదాలు నీలంగా ఉన్నాయి. బ్రోనా విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని సముద్రం వంక చూస్తోంది.

చూపు తిప్పకుండానే అంది. "ఆ పావుగంట ముందే చెప్పుంటే నడిచే వెళ్లిపోయేవాళ్లం."

"తెలుసు."

"నేను రానివ్వననుకున్నారా? చూపు లేనివాళ్లని తీసుకొచ్చాను. ఇసుకలో నడిచే పెద్ద చక్రాల కుర్చీల్లో మనుషుల్ని తీసుకొచ్చాను. కాగితంలో ఒక్క ముక్క రాసుంటే, మా చెల్లెల్ని ఆయన పక్కన పెట్టేదాన్ని. అంతే కదా."

క్షమించమని అడగడానికి కూడా డింప్నాకి సిగ్గేసింది. మాలకీ రేకు దుప్పట్లోంచి మొహం బయటపెట్టి, బ్రోనాని మర్యాదగా చూసి, "భేషుగ్గా ఉంది, దేవుడి దయ" అన్నాడు. బ్రోనా మొహం పక్కకి తిప్పుకుంది.

మాలకీ ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కానీ ఇంటికొచ్చిన మనిషి వేరు. మెట్లెక్కలేడు, చెంచా పట్టుకోలేడు. పలకరిస్తే జవాబివ్వడం కూడా మానేశాడు. బ్రోనా మణికట్టుకి మేకులు వేశారు. విచారణ తేలేదాకా దీవి నడకలు ఆపేశారని తెలిసి, డింప్నా ఆమెకి ఉత్తరం రాసింది. తప్పంతా తనదేనని, కాగితంలో తానే అబద్ధం రాశానని, ఎవరికి కావాలంటే వాళ్లకి చూపించుకోమని సంతకం పెట్టి పంపింది. జవాబు రాలేదు. వస్తుందని ఆమె అనుకోనూ లేదు.

జూన్‌లో ఫిలోమినా ఇంటికొచ్చింది. ఎప్పుడూ వాగే మనిషి, వంటింట్లో కుర్చీ అంచు మీద కూర్చుని కప్పు తిప్పుతూ ఉండిపోయింది. చివరికి అంది.

"మాకు తెలుసే, డింప్నా. శీతాకాలం నుంచీ తెలుసు. నా పేరు మూడుసార్లు అడిగాడు నన్ను. నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశాం."

డింప్నా చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది. "తెలుసా? తెలిసే అందరి ముందూ ఎగతాళి చేశావా, మొగుడి చెయ్యి వదలవా అని?"

"నవ్వించాలనుకున్నా. నీ మొహం చూస్తే నాకు భయమేసేది. నాకు తెలిసింది అదొక్కటే, నవ్వించడం."

"నోరు మూసుకునుంటే సరిపోయేది."

"అవును. నువ్వు నోరు విప్పుంటే కూడా సరిపోయేది."

లోపలి గదిలో మాలకీ దగ్గాడు. డింప్నా లేవబోతే ఫిలోమినాయే ముందు లేచింది. అతని దిండు సర్ది, మూతి తుడిచి తిరిగొచ్చింది.

"మంగళవారాలు రెండు గంటలు నేను కూర్చుంటా. నువ్వు బయటికి పో. నన్ను క్షమించమనడం లేదు. నువ్వు పో, అంతే."

మొదటి మంగళవారం డింప్నా మంచి కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని, కారు తాళాలు తీసుకుని బయటికొచ్చింది. కారెక్కి తలుపు వేసుకుంది. ఎక్కడికి పోవాలో తోచలేదు. ఇంటి గేటు ముందే, తాళం తిప్పకుండా, కిటికీ అద్దం దించి, లోపలి నుంచి ఏ చప్పుడైనా వినబడుతుందేమోనని చెవులొగ్గి, ఆ రెండు గంటలూ అక్కడే కూర్చుంది.