అప్పీలు లేని ఆట

చిత్తూరు వకీళ్ల సంఘం వార్షికోత్సవంలో ఉపన్యసించడానికి తిరుపతి నుంచి వచ్చిన వకుళాదేవి, బస్సు దిగీ దిగగానే ఆహ్వానపత్రం చదివి నిప్పులు కక్కింది. ఆవిడ పంపిన శీర్షిక "న్యాయమూర్తులూ, బేస్‌బాల్ వీరులూ". అచ్చయినది "న్యాయమూర్తులూ, క్రికెట్ వీరులూ".

"బేస్‌బాల్ ఏమయింది?" అని అడిగింది ఆ విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు.

"అది ఎవురికి తెలుసమ్మా ఈడ? క్రికెట్టయితే చప్పట్లు పడతాయి," అన్నాడు ఎదురొచ్చిన సంఘం కార్యదర్శి గంగాధరం.

"మద్రాసు హైకోర్టు జడ్జీగా కూర్చున్న మొదటి భారతీయుడు ముత్తుస్వామి అయ్యర్. నల్లవారిని దశాబ్దాలపాటు వెలివేసిన అమెరికా పెద్ద లీగుల గడప దాటినవాడు జాకీ రాబిన్సన్. నేను పోల్చింది ఆటలను కాదు, మూసిన తలుపులను. నా శీర్షికను మార్చే అధికారం మీకెవరిచ్చారు?"

గంగాధరం ఆవిడ సంచీ అందుకున్నాడు. "సరే, మీ ఇష్టం. జనం ఆవులించినారంటే మాత్రం ఆడికి ఆపేయాల."

సభలో ఉపన్యాసం రెండో పేజీకి చేరేసరికే ఆవులింతలు మొదలయ్యాయి. గంగాధరం లేవబోతుండగా ముందు వరసలోని వృద్ధ వకీలు మునిరామయ్య అడ్డుపడ్డాడు.

"ఆట తెలీకుండా ఆటగాడి గొప్ప ఎట్ల తెలస్తాదమ్మా?"

ప్రశ్న న్యాయమైనది. వకుళాదేవి కాగితాలు పక్కన పెట్టి, నాలుగు మూలలా నాలుగు కుర్చీలు వేయించింది. యువ వకీలు సారంగపాణి కాగితపు ఉండ విసరాలి. మునిరామయ్య దాన్ని గొడుగుతో కొట్టి, కుర్చీలన్నీ తాకుతూ బయల్దేరిన చోటికి చేరాలి; ఈలోపు అవతలి జట్టువాళ్లు ఉండను ఒంటికి ఆనిస్తే అవుట్. పెద్దాయన నల్లకోటు ఎగరేసుకుంటూ మూడో కుర్చీ దాకా పరుగెత్తేసరికి, గంగాధరం ఆ ఉండను ఆయన వీపుకు ఆనించాడు.

"అవుట్," అంది వకుళాదేవి.

"అప్పీలుకు పోతా!" అన్నాడు మునిరామయ్య రొప్పుతూ.

"వకాల్తా నాది!" అన్నాడు సారంగపాణి, తాను అవతలి జట్టన్న సంగతే మరచి. హాలంతా లేచి రెండు పక్షాలయింది.

"అంపైరు కళ్లారా చూసి చెప్పినదానికి ఈ ఆటలో అప్పీలు లేదు," అంది వకుళాదేవి.

"అప్పీలే లేదా! అట్లయితే మేం యాడ బతికేది?" అన్నాడు మునిరామయ్య.

నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి వకుళాదేవి అంది: "అటువంటి మైదానంలోకి రాబిన్సన్ మరో షరతుకు ఒప్పుకొని దిగాడు. ఎవరెంత తిట్టినా ఎదురాడకూడదు. తమరు ఒక్క అవుటుకే ఇంత రభస చేశారు."

మునిరామయ్య కోటు సర్దుకుని కూర్చున్నాడు.

"మన అయ్యరు కత గూడా ఇట్లాంటిదేనా తల్లీ?"

"అది చెప్పడానికే వచ్చాను."

గంగాధరం కుర్చీ లాక్కొని ఆవిడకెదురుగా కూర్చున్నాడు. "సెప్పండమ్మా. బస్సు తప్పిపోతే మా ఇంట్లోనే భోంచేద్దురు. మా ఆడోళ్లు గూడా విందురు."